రాతిపువ్వు గంధము

గంధములకు గూడ వంశములు కలవు. రాగములకు మేళకర్త లెట్లో పరిమళములకు కుటుంబము లట్లు. పాశ్చాత్య పరిమళకారులు తాము కూర్చు సుగంధములను పూలకుటుంబమనియు, నిమ్మజాతి కుటుంబమనియు, అంబరు కుటుంబమనియు విభజించి, ఒక్కొక్క దానియందు మరల శాఖోపశాఖలను లెక్కింతురు. వానిలో 'షిప్ర్' అను కుటుంబ మొకటి. పారిసునగరమున పేరొందిన పరిమళములలో ననేకము లీ కుటుంబములోనివే. ఈ వ్యాసమునకు విషయము నదియే. కాని నాకు దాని ప్రసక్తి కలిగినది పారిసు గ్రంథముల వలన గాదు. మా వారాసిగూడలోని యొక పచారికొట్టున.

వారాసిగూడ సికింద్రాబాదు పాతపేటలకును ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణకును నడుమ ఇరుకుగా నల్లుకొన్న బస్తీ. ఒక సందులో గుడి ధూపము, మరియొక సందులో శుక్రవారపు నమాజునకు బోవువారి అత్తరు. రెండును కలిసికొను మలుపున నేను చెప్పిన కొట్టు. ఆ దినమున మా యింటివారు వ్రాసి యిచ్చిన పట్టికలో 'రాతిపువ్వు' అని యుండెను. కొట్టువాడు 'పత్థర్ కా ఫూల్' అనుచు ఒక పొట్లము కట్టి యిచ్చెను. విప్పి చూచితిని. బూడిదవన్నె పొలుసులు, ఒక ప్రక్క నలుపు, ఎండి ముడుచుకొన్న ఆకుముక్కలవలె నున్నవి. వ్రేళ్ళ నడుమ నలిపి వాసన చూచితిని. చెప్పదగిన వాసన యేమియు లేదు. దీనికింత వెల యేల యని అడుగుచుండగా ప్రక్కనున్న వృద్ధుడొకడు నవ్వెను. ఆయన పాతబస్తీలో అత్తరు అమ్మెడి కుటుంబమువాడట. "మాస్టర్ సాబ్, చల్లగున్నప్పుడు అది మాట్లాడదు. నూనెల వేసి సెగ చూపించుండ్రి, అప్పుడు మాట్లాడ్తది. మీకు బిర్యానీ దినుసు, మాకు శమామాకు మొదటి దినుసు. మేము చరీలా అంటం" అనెను.

ఆ మాట నన్ను కొన్ని మాసములు విడువలేదు. ఏలయన షిప్ర్ కుటుంబమునకు గూడ అడుగున నుండునది ఇట్టి రాతిపువ్వే.

షిప్ర్ అనగా ఫ్రెంచి భాషలో సైప్రసు ద్వీపము. మధ్యధరా సముద్రమున తూర్పుమూల నున్న ఆ దీవి మతయుద్ధముల కాలమున ఐరోపావారికిని తూర్పుదేశములకును నడుమ అంగడియై యుండెను. అచ్చటి నుండి వచ్చెడి చూర్ణములకు 'సైప్రసు పొడి' యని పేరు. చిన్న పక్షుల యాకారమున అద్ది యెండించి, నిప్పుపై బొగయించెడి ధూపగుళికలను 'సైప్రసు పిట్టలు' అనెడివారు. ఈ గుళికలలో ముఖ్యమైనది లబ్దనము అను జిగురు. సిస్తసు అను పొదల యాకులపై ఎండకాలమున స్రవించెడి ఈ జిగురును మేకల గడ్డములకు అంటుకొన్నదానిని దువ్వి తీయుదురని గ్రీకు చరిత్రకారుడైన హెరొడోటసు వ్రాసినాడు. క్రీటు దీవిలో తోలుపట్టెలు కట్టిన పలుగొఱ్ఱులతో పొదలను దువ్వి దానిని సేకరించెడివారు. మేక గడ్డమునుండి రాణివాసమునకు చేరిన ద్రవ్య మిది యనుకొనిన నవ్వు వచ్చును.

ఆధునికముగ ఈ కుటుంబమునకు స్థిరమైన రూపమును పేరును ఇచ్చినవాడు ఫ్రాన్స్వా కోటీ. ఆతడు 1874లో కోర్సికా దీవిలో బుట్టి 1934లో మరణించెను. 1917లో, మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండగనే, 'షిప్ర్' అను పేరుతో ఒక పరిమళమును వెలువరించెను. ఆ పేరుగల పరిమళములు అంతకుముందును లేకపోలేదు; గెర్లాన్ సంస్థవారివి కలవు. అయినను కోటీ కూర్పు తర్వాతనే అది కుటుంబనామమయ్యెను. ఆ కూర్పు సులభముగా చెప్పవలెనన్న నిట్లుండును. పైన ఇటలీదేశపు కలాబ్రియా సీమలో పండెడి బెర్గమోతు అను నిమ్మజాతి పండు తొక్క వాసన. నడుమ గులాబి, మల్లె. అడుగున లబ్దనము, ఓకుచెట్టు పాచి. పైది చల్లనిది, త్వరగా నెగిరిపోవునది. అడుగుది చేదుగా, చీకటిగా, తడిసిన యడవివలె నుండునది. ఈ రెంటి వైరుధ్యమే షిప్ర్. కోటీగారి సీసా నేడు విపణిలో దొరకదు. పేరు మాత్రము కుటుంబమునకు మిగిలినది.

కుటుంబమన్న తరువాత బిడ్డలుండవలెను గదా. 1919లో జాకు గెర్లాన్ ఆ చట్రములో పీచుపండు వాసననిచ్చు కృత్రిమద్రవ్యము నొకదానిని చొప్పించి 'మిత్సూకో'ను చేసెను. 1944లో ఎడ్మోం రూడ్నిట్‌స్కా 'ఫామ్' అను దానిలో రేగుజాతి పండ్ల మాధుర్యమును చేర్చెను. అదే సంవత్సరమున జెర్మేన్ సెలియే అను స్త్రీ 'బాండి' అను దానిలో పదనుచేసిన తోలు వాసనను తెచ్చెను. పురుషులే యేలుచుండిన యా వృత్తిలో ఆమె పేరు నిలిచినందుకు నాకు సంతోషము. 1947లో వచ్చిన 'మిస్ డియోర్'లో పచ్చిగడ్డివంటి గల్బనము. పండు, తోలు, పచ్చిక, పూలు: పైయంతస్తు లెన్ని మారినను అడుగున ఓకుపాచి మారలేదు.

ఈ ఓకుపాచి నిజమునకు పాచి కాదు. మన రాతిపువ్వువలెనే అదియు లైకెన్ అను జాతిది. చూచుటకు ఒక మొక్కగ గన్పట్టును గాని, అందొక శిలీంధ్రమును ఒక శైవలమును కలిసి కాపురము చేయుచుండును. శైవలము ఎండను వండి ఆహారము పెట్టును, శిలీంధ్రము దానికి గూడును నీటిని సమకూర్చును. 1860 తరువాతి దశకాంతమున ష్వెండెనర్ అను పండితుడీ సంగతి వెల్లడించినప్పుడు తోడిపండితులలో ననేకులు నమ్మలేదు. పచ్చిగ నున్నప్పుడు ఓకుపాచికి వాసన మిక్కిలి స్వల్పము. నిలువయుంచి, తడిపి, ద్రావకములలో నూరబెట్టినపుడు దానిలోని ఆమ్లములు విడివడి పరిమళము పుట్టును. వృద్ధుడు చెప్పిన 'చల్లగున్నప్పుడు మాట్లాడదు' అన్న మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్య నాకు దొరకలేదు.

ఇక మనదేశమున ఈ ద్రవ్యమెంత ప్రాచీనమైనదో చూతము. సంస్కృతమున దీనికి శైలేయమని పేరు. బాల్యమున మేము అర్థము తెలియక వల్లించిన అమరకోశమున దీని పర్యాయములు కలవు: కాలానుసార్యము, వృద్ధము, అశ్మపుష్పము, శీతశివము. అశ్మమనగా రాయి, అశ్మపుష్పమనగా రాతిపువ్వు. తెలుగు పచారికొట్టులో రాతిపువ్వు, ఉర్దూలో పత్థర్ కా ఫూల్, మహారాష్ట్రమున దగడఫూల్, అరవమున కల్పాసి. కోశకారుని మాటయు కొట్టువాని మాటయు ఇంత చక్కగా నేకీభవించిన సందర్భములు తక్కువ. పండితులు కొందరు దేశభాషా పదములను చులకనగ జూతురు గాని, ఈ పదమును రాజప్రాసాదములకంటె వంటయిండ్లే భద్రముగ గాపాడినవి.

కోశమున పేరుండుట వేరు, ప్రయోగమున నుండుట వేరు. ప్రయోగమునకు క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితను చూడవలెను. జ్యోతిషము, వర్షము, గృహనిర్మాణము మొదలగు విషయముల నడుమ అందొక గంధయుక్త్యధ్యాయము కలదు. లెక్కలు చెప్పెడి ఉపాధ్యాయునికి అది పండుగవంటిది. అందు 'సర్వతోభద్రము' అను కూర్పును గ్రంథకర్త పదునారు గదుల చతురస్రముగా నిచ్చినాడు. మొదటి వరుసలో అగరు 2 పాళ్ళు, పత్రము 3, తురుష్కమను జిగురు 5, శైలేయము 8. రెండవ వరుసలో ప్రియంగువు 5, ముస్త 8, బోళము 2, కురువేరు 3. మూడవదానిలో స్పృక్క 4, పట్ట 1, తగరము 7, జటామాంసి 6. నాలుగవదానిలో చందనము 7, నఖము 6, శ్రీవాసము 4, కుందురుకము 1. వరుసగా కూడినను 18. నిలువుగా కూడినను 18. మూలలనుండి మూలలకు కూడినను 18. నాలుగు చిన్న చతురస్రములుగ విడగొట్టి కూడినను 18. నాలుగు మూలగదులను మాత్రము కూడినను 18. ఇట్లు పదునెనిమిది పాళ్ళు వచ్చు నాలుగేసి ద్రవ్యములను ఏ దిక్కునుండి తీసికొన్నను ఒక సుగంధ మేర్పడునని భావము. సర్వతోభద్రమను పేరు అందువలననే. నాలుగు వరుసల మాయాచతురస్రములలో మనకు తెలిసినంతవరకు మిక్కిలి ప్రాచీనమైనవానిలో ఇది యొకటి. మా తరగతిలో దీనిని నల్లబల్లపై వ్రాసి, పదునెనిమిది ఎన్ని విధముల వచ్చునో కనుగొనుడని పిల్లలకు చెప్పితిని. గంట మ్రోగినను వారు లేవలేదు. గణితమునకు పరిమళము కలదని వారికి నేను వేరుగ బోధింపవలసిన పని లేకపోయెను.

అదే యధ్యాయమున 'గంధార్ణవము' అను మరియొక కూర్పు కలదు. ముస్త, కురువేరు, శైలేయము, కర్పూరము, ఉశీరము మొదలు చందనము వరకు పదునారు ద్రవ్యములు. వానినుండి నాలుగింటిని ఏరుటకు 1,820 మార్గములు. ఏరిన నాలుగింటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు పాళ్ళుగ మార్చుచు బోగా ఒక్కొక్క సమూహమునకు 96 భేదములని లెక్కించి, మొత్తము గంధములు 1,74,720 అని తేల్చినాడు. నాలుగు పాళ్ళను నాలుగు ద్రవ్యములకు పంచుటకు నా లెక్కలో 24 మార్గములే. అట్లయిన మొత్తము 43,680 మాత్రమే కావలెను. గ్రంథములోని సంఖ్య దీనికి సరిగ్గా నాలుగు రెట్లు. అది యట్లుండనిండు. ఒక కుటుంబమునుండి ఎన్ని భేదములు పుట్టునో లెక్కించి చెప్పవలెనను కుతూహలము ఆ కాలమున పుట్టినదే గొప్ప విశేషము. పారిసు పరిమళకారుడు మిత్సూకో, ఫామ్, బాండి యని బిడ్డలకు పేర్లు పెట్టెను. మనవాడు పేర్లు పెట్టక సంఖ్య చెప్పెను.

సర్వతోభద్రమున అన్నింటికంటె నెక్కువపాళ్ళు దేనికో గమనింపుడు. శైలేయమునకును ముస్తకును ఎనిమిదేసి. చందనమునకు గూడ ఏడే. ముస్త మన పొలముగట్ల తుంగగడ్డి దుంపజాతిది. దానికి బంధువైన నాగర్మోతా తైలము నేటి ఐరోపా పరిమళశాలలలో 'సిప్రియాల్' అను పేరుతో చెల్లుచున్నది. రాతిపువ్వు, తుంగదుంప, ఒక జిగురు: కోటీ కూర్పు అడుగంతస్తుకు ఇది ఎంత దగ్గర! అయినను ఒకటి మరియొకదానికి తండ్రి యని నేననను. వరాహమిహిరుని కూర్పులో నిమ్మతొక్క లేదు. చల్లదనమునకును చీకటికిని జరుగు పోరాటము లేదు. వీనిని జ్ఞాతులనుట న్యాయము.

ఇప్పుడు మన ఆంధ్రదేశమునకు వత్తము. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము చరిత్ర చదివినవారందరకు దెలిసినదే. తుపానునకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకులను పూర్వపు రాజులు బలాత్కారముగ లాగుకొనుచుండగా, తాను నియమిత శుల్కమును తప్ప మరేమియు తీసికొననని ఆతడు వర్తకులకు అభయమిచ్చెను. ఆ శాసనములోని సుంకముల పట్టికలో చందనము, దేశపు కర్పూరము, చీనా కర్పూరము, పన్నీరు, జవ్వాది, కర్పూరతైలము, సుగంధద్రవ్యములు కలవు. వానితోబాటు దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడము. ఇందు సగము వాసన సరకే. 1358లో అనవోతరెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరల అభయము నిచ్చెను.

ఆ రెడ్డిరాజ్యమున కుమారగిరిరెడ్డి (1386–1402) కర్పూర వసంతరాయలని బిరుదు పొందినవాడు. ఆతని వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సరఫరా చేసినవాడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఈ సెట్టికే అంకితమిచ్చెను. అందలి వర్ణనవలన నాటి సముద్రవ్యాపారము మనకు దెలియుచున్నది. పంజారమునుండి కర్పూరపు మొక్కలు, గోవనుండి జవ్వాది, భోటదేశమునుండి కస్తూరి, హురుమంజినుండి గుఱ్ఱములు, సింహళమునుండి ఏనుగులు, చీనానుండి పట్టువస్త్రములు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ భాగమును చక్కగ వినియోగించుకొన్నారు. రాజుల యుద్ధములకంటె ఒక సెట్టి సరకుల పట్టికయే జాతిచరిత్రను ఎక్కువగ జెప్పునని వారు మనకు నేర్పినారు. కాని నాకొక సందేహము. వసంతోత్సవమున గాలిలోనికి చల్లిన యా కర్పూరము వెల కొండవీటి సీమ రైతు చెల్లించిన పన్నులోనిది గాక మరెక్కడిది? కవి దానిని వర్ణింపడు. వర్ణింపవలెనని మనము కోరుటయు తగదేమో.

ఇంతవరకు చెప్పిన గంధములు లేపములు, చూర్ణములు, ధూపములు, తైలములు. బట్టీపట్టి దింపిన అత్తరు చరిత్ర వేరు. తొమ్మిదవ శతాబ్దిలో అల్ కిందీ అను అరబ్బు తత్త్వవేత్త పేర సుగంధముల రసాయనమును గూర్చి ఒక గ్రంథము కలదు. 1948లో లైప్జిగున దానిని జర్మనుభాషానువాదముతో అచ్చువేసిరి. అరబ్బుల ప్రాచీన శాస్త్రగ్రంథములను ముద్రించుటకు 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ మా విశ్వవిద్యాలయ ఆవరణలోనే యున్నది. హైదరాబాదులోని చదువుకొన్న తెలుగు కుటుంబములలో దాని పేరైన వినని వారే యెక్కువ. మనమే సిగ్గుపడవలసిన సంగతి. గులాబి అత్తరును గూర్చి జహంగీరు తన యాత్మకథలో వ్రాసినాడు. నూర్జహాను తల్లి పన్నీరు దింపుచు, వేడి పన్నీటిపై తేలిన నూనెతెట్టెను కొంచెము కొంచెముగ దీసి ప్రోగుచేసినదనియు, దానికి సలీమా సుల్తాను బేగము 'అత్తరె జహంగీరీ' యని పేరు పెట్టినదనియు ఆతని మాట. కనుగొన్నది ఒక స్త్రీ, పేరు పెట్టినది ఒక స్త్రీ, పేరు మాత్రము పాదుషాది.

కనౌజులోను ఇతర స్థలములలోను నేటికిని నడుచుచున్న పద్ధతి యిది. రాగి డేగిసాలో పూలో మూలికలో నీటితో వేసి, మూత చుట్టు మట్టితో మెత్తుదురు. డేగిసానుండి ఒక వెదురుగొట్టము, దానికి త్రాడు చుట్టియుండును. ఆ గొట్టము చివర నీటితొట్టిలో మునిగిన భప్కా యను సన్నమూతి పాత్ర. ఆ పాత్రలో ముందుగనే చందనతైల ముండును. ఆవిరి చల్లబడి, వాసన చందనముననే యిమిడిపోవును. నీటిని వేరుచేసి, మరునాడు మరల క్రొత్త పూలు. డేగిసా మోగు చప్పుడును బట్టియు, భప్కా వేడిని చేతితో తాకి చూచియు మంటను దించుటయు పెంచుటయు తెలిసికొందురు. మా తెలుగువారు పెక్కురు నివసించు గంజాము జిల్లాలో, అనగా 1936 వరకు మదరాసు రాజధానిలో నుండి పిమ్మట ఒరిస్సాలో చేరిన సీమలో, మొగలిపూవునుండి ఇట్లే కేవడా దింపుదురు. ఛత్రపురము, రంగైలుండ, చికిటి ప్రాంతముల వాగుగట్లపై మొగలిడొంకలే పేదరైతులకు పంట.

హైదరాబాదులో చార్మినారు, పత్తర్‌గట్టి ప్రాంతముల అత్తరు దుకాణములలో గులాబి, మల్లె, ఖస్, మట్టి అత్తరు అన్నియు దొరకునుగాని, చలికాలమునకు రాజు శమామా. ఆ పదమునకు వాసన చూచుటకై చేత పట్టుకొను సుగంధపు ఉండ యని పూర్వార్థము. పూల అత్తరు ఒక పూవుది. శమామా అనేక మూలికలది. పచారికొట్టులో నేను గలిసిన వృద్ధుని దుకాణమునకు తరువాత రెండుమూడు పర్యాయములు వెళ్ళితిని. మొదట చరీలాను చందనతైలములోనికి దింపుదురట. పిమ్మట నాగర్మోతా, జటామాంసి, వట్టివేళ్ళు. ఆపైన ఏలకులు, జాజికాయ, జాపత్రి, లవంగము. తుదకు కుంకుమపువ్వు, అంబరు. ఇంటింటికి పాళ్ళు వేరు, ఆ పాళ్ళు అల్లునికి చెప్పరు, కొడుకునకే చెప్పుదురు. కస్తూరి పూర్వము వేసెడివారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత ఆ మృగమును చంపుట నేరము. నేరము గావలసినదే. ఒక పిడికెడు వాసనకై ఒక ప్రాణము తీయుటను ఏ శాస్త్రముతోను సమర్థింపలేము.

ఆయన పట్టికను వినుచు నేను మనసులో బృహత్సంహితను తిరుగవేయుచుంటిని. శైలేయము, ముస్త, జటామాంసి, ఉశీరము, చందనము. పదునాలుగు వందల యేండ్ల క్రిందటి సంస్కృత గ్రంథములోని సరకులు ఉర్దూ పేర్లతో ఒక ముసల్మాను అంగడిలో సీసాలలో కూర్చున్నవి. మరల అవే వస్తువులు నిహారి వండువారి పోట్లీలోని గుడ్డమూటలో: రాతిపువ్వు, ఖస్ వేరు, చందనపు పొడి, గులాబిరేకులు. మన చరిత్రను హిందువుల ఖాతాలోను తురకల ఖాతాలోను విడివిడిగ వ్రాయగోరువారు ఒకసారి ఆ గుడ్డమూటను విప్పి, ఏ దినుసు ఎవరిదో వేరుచేసి చూపవలెను.

ఇంత చెప్పి, ఈ సుగంధము లెవరికి అను ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. ధర్మశాస్త్రములు బ్రహ్మచారికి గంధమాల్యములను నిషేధించినవి. ఆ నిషేధము చదువుతో ముగియును. విధవకు పెట్టిన నిషేధమునకు ముగింపు లేదు. మా తల్లివైపు చిన్నమ్మమ్మ పందొమ్మిదవ యేట భర్తను గోల్పోయినది. ఊరిలో ఏ పేరంటమైనను సానపై గంధము తీయుట ఆమె పని. తీరుబడిగ, మెత్తగ తీయగలదని పేరు. పేరంటాండ్రు రాకముందే గిన్నె ముత్తైదువ చేతికిచ్చి, పెరటిలోనికి పోయి, అరచేతులను బూడిదతో తోమి కడుగుకొనెడిది, వాసన మిగులకుండ. ఆమెను ఎవరును కసరలేదు. ఎవరును కసరవలసిన అవసరమే లేకుండెను. మా అమ్మ ఈ సంగతి చెప్పునప్పుడు ఆ బూడిద మాటనే రెండుసార్లు చెప్పును.

మహమ్మదీయులలో భర్త మరణించిన స్త్రీ నాలుగు మాసముల పది దినములు ఇద్దతు పాటించి, ఆ కాలమున సుగంధములను వర్జించును. గడువు తీరిన పిదప అత్తరు రాసికొన్నచో తప్పుపట్టువారు లేరు. దుఃఖమునకు గడువు పెట్టినవారు ఒకరు, గడువు పెట్టనివారు మనము. 1856 చట్టము వితంతు వివాహమును న్యాయసమ్మతము చేసెను. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ మహాకార్యమును తక్కువచేయుట నా యుద్దేశము గాదు. కాని వివాహము చేసికొనని వితంతువు మాట? ఆమె చేతికి గంధపుగిన్నె తిరిగి యిచ్చిన సంస్కర్తలెందరు? చదువుకొన్నవారి యిండ్లలోనే నేటికిని నోమునాడు గంధపుగిన్నె కొందరి ముందు ఆగక దాటిపోవుట నేను చూచుచున్నాను.

సంస్కర్తల విషయమున మరియొక చిన్న యభియోగము గూడ నాకున్నది. భోగముమేళములను ఖండించుటలో వీరేశలింగముగారును, రఘుపతి వెంకటరత్నము నాయుడుగారును చేసిన కృషి గొప్పది. 1947 మదరాసు దేవదాసీ చట్టమువరకు దాని ఫలము సాగినది. కాని ఆ యుద్యమపు వేడిలో అత్తరు, పన్నీరు, జవ్వాది అన్నియు భోగలక్షణములని మధ్యతరగతి యిండ్లలో అనుమానము పాతుకొన్నది. సువాసన వేసికొన్న పడుచువానిని చెడినవాడనుట మా నాయనగారి తరమువరకు నుండెను. స్త్రీలను అంగడిసరకు చేసిన జమీందారుల దోషమును మల్లెనూనె నెత్తిన పెట్టుట యెట్టి విచారణ? దోషులు సన్మానములు పొందిరి, సీసాలు చెత్తకుప్పకు పోయినవి.

నేడీ రెండు జ్ఞాతి కుటుంబములును సంకటముననే యున్నవి. ఓకుపాచిలోని అట్రనాలు, క్లోరోఅట్రనాలు అను రెండు పదార్థములు కొందరి చర్మమునకు దద్దురులు గలిగించునని తేలుటచే, ఐరోపా సమాఖ్య 2017లో వానిని నిషేధించెను. 2021 ఆగస్టు తరువాత అట్టి సరకు అమ్మరాదు. ఆ రెంటిని వడగట్టిన ఓకుపాచిసారముతోను, ఎవర్నిల్ వంటి కృత్రిమద్రవ్యములతోను పాత పరిమళములను మరల కూర్చుచున్నారు. పాతవాసన యెరిగినవారు ఇది యది కాదనుచున్నారు. నాకది పెద్ద కష్టముగ తోపదు. వాసనకంటె చర్మము ముఖ్యము.

మనకు వచ్చినది వేరు కష్టము. శమామాకు ఆధారము చందనము. టిప్పుసుల్తాను కాలమునుండి మైసూరులో చందనవృక్షము ప్రభుత్వపు సొత్తు. 1916లో, యుద్ధమువలన జర్మనీకి ఎగుమతి నిలిచిపోగా, మైసూరు ప్రభుత్వము తానే తైలపు కర్మాగారమును నెలకొల్పెను. తన దొడ్డిలో మొలచినను తనది గాని చెట్టును రైతు పెంచునా? మొలకను పెరికివేయుటే క్షేమమని తలచెను. 2001, 2002 సంవత్సరములలో కర్ణాటకమును తమిళనాడును చట్టములు మార్చి భూస్వామికి చెట్టుపై హక్కు నిచ్చువరకు దొంగలకే ఆ చెట్టుతో సంబంధము మిగిలెను. చందనతైలము వెల బంగారమువైపు పరుగిడగా, భప్కాలో దానికి బదులు పారఫిన్ నూనె చేరెను. వాసన లేని యా నూనె పూవు వాసనను మోయును గాని నిలుపలేదు. తార్నాకలో 1944లో ప్రారంభమై, 1956లో కేంద్రప్రభుత్వ పరిశోధనా సమితి క్రిందికి వచ్చి, 1989 నుండి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ యను పేరు ధరించిన పరిశోధనశాల మా యింటికి కూతవేటు దూరము. గ్యాస్ క్రొమటోగ్రాఫు అను యంత్రము సీసాలో చందనమెంతో పారఫినెంతో నిమిషములలో గీతలు గీసి చూపును. అత్తరు కొనువాడు మాత్రము సీసాతో ఆ గడప యెక్కడు.

వృద్ధుని దుకాణమున రెండు బీరువాలు కలవు. వెలుపలి దానిలో రంగురంగుల సీసాలు, వానిలోనిది పారఫిన్ మీద దింపినదని ఆయనయే చెప్పును. పండుగలకు పోయెడి సరకు అదియే. లోపలి బీరువాలోనిది చందనముమీద దింపిన శమామా, తులము లెక్కన. దూదిపుల్ల నందులో ముంచి నా మణికట్టుపై రాసి, "ఇప్పుడు వాసన చూడకుండ్రి, పొద్దుగూకినంక చూడుండ్రి" అనెను. సాయంకాలము తరగతి పత్రములు దిద్దుచు చూచితిని. చందనము కాదు, లవంగము కాదు. ఆ రెంటి క్రింద, వాన వెలిసిన తరువాతి బండరాయి వంటి దొకటి. నేను మూడు మాషాలు కొంటిని. ఆ యేడు లోపలి బీరువానుండి అమ్మినది ఆరు తులములకు మించలేదని చెప్పి, ఆయన తాళము వేసెను.